పెద్దబండి భుజం మీద నీరు

రెండువేల పదిహేడవ సంవత్సరం, మార్చి నెల పద్నాలుగవ తేదీ, మంగళవారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు. తెల్లవారుజామున కురిసిన చిరువాన వెలిసింది గాని మబ్బు విడలేదు. గాలి లేదు. చలి మాత్రం గోడల లోపలినుంచి ఊరుతున్నట్లుంది. కార్ల కర్మాగారంలో నమూనాశాల అని పిలిచే పొడవైన హాలులోకి ఆ వేళ ఒక యువతి అడుగుపెట్టింది. మట్టిని చెక్కే యంత్రాన్ని నడపడానికి కొత్తగా కుదిరిన మనిషి. ఎవరేమి చెప్పినా ముందుగా "కొలత ఎంతండీ?" అని అడగడం ఆమె అలవాటు కాబట్టి, వారం తిరగకముందే ఆమెకు అక్కడ 'కొలతమ్మ' అన్న పేరు స్థిరపడిపోయింది.

హాలు నడుమ ఇనుపవేదిక మీద ఒక కారు ఉంది. కారంటే కారు కాదు, కారంత మట్టిబొమ్మ. ఏ కారైనా ఇనుముగా పుట్టకముందు మట్టిగా పుట్టవలసిందే. గోధుమరంగు మట్టి అది. పొయ్యిలో పెడితే వెన్నలా మెత్తబడుతుంది, ఆరితే చెక్కలా బిగుసుకుంటుంది. యంత్రం దానిని ముతకగా చెక్కిపెడితే, ఉక్కురేకులతో గీసి నునుపుదేల్చడం మనుషుల వంతు.

వేదిక పక్కన తల నెరిసిన మనిషి ఒకడు కళ్ళు మూసుకొని నిలబడి ఉన్నాడు. ఎడమ అరచేతిని బొమ్మ మీద ఆనించి, ముక్కు దగ్గరినుంచి తోకదాకా మెల్లగా నడిపిస్తున్నాడు. నిద్రలో ఉన్న పసిబిడ్డ వీపు నిమిరినట్లున్నది ఆ నడక.

"ఆయనకు చూపు తక్కువా?" అని ఆమె పక్కన రంగులు కలుపుతున్న రంగులాయనను గుసగుసగా అడిగింది.

"చూపుకేం, నువ్వు ఆలస్యంగా వస్తే గేటు దగ్గరుండగానే కనిపెట్టేస్తాడు. ఆయనకి కళ్ళు మొహంలో కాదమ్మా, అరచేతిలో ఉన్నాయి."

"రంగులాయనకి మాత్రం ఉన్నవన్నీ నోట్లోనే ఉన్నాయి," అన్నాడు ఆ మనిషి కళ్ళు తెరవకుండానే. "ఎవరమ్మాయ్ నువ్వు? ఇలా రా. చేతికి ఉంగరాలున్నాయా? తీసెయ్. గోళ్ళో?"

"కత్తిరించుకునే వచ్చానండీ."

"యంత్రం మనిషివై ఉండి గోళ్ళు కత్తిరించుకున్నావా! అయితే సగం పని నేర్చుకునే వచ్చావన్నమాట. కళ్ళు మూసుకో. చెయ్యి పెట్టు. ఏం తెలుస్తోంది?"

"నున్నగా ఉందండీ."

"నున్నగా గచ్చు కూడా ఉంటుంది. ఇంకా?"

ఇంకేమీ తెలియలేదు ఆమెకు. ఆయన ఆమె వేళ్ళను పట్టుకొని వెనుకతలుపు దగ్గరికి జరిపి, "ఇదిగో, ఇక్కడ నీరు నిలిచింది," అన్నాడు. ఆమె తడి ఎక్కడా తగలక తడుముకొని, చివరకు వేళ్ళు తుడుచుకొని చూసుకున్నది. హాలంతా గొల్లుమన్నది.

నీరంటే నీరు కాదు, వెలుగు. బొమ్మ పనంతా అయిన తరువాత దానిమీద వెండిరంగు పొరను బిగించి కప్పుతారు. అప్పుడు కప్పున ఉన్న దీపాలు దాని ఒంటిమీద పొడవుగా సాగి మెరుస్తాయి. ఆ మెరుపు వంకర లేకుండా సాగిపోతే నీరు పారినట్లు. ఎక్కడైనా గుంట ఉండి ముద్దగట్టితే నీరు నిలిచినట్లు. విరిగితే నీరు తెగినట్లు. పొర కప్పకముందే, చీకట్లోనైనా సరే, నీరు ఎక్కడ పారుతుందో ఎక్కడ నిలుస్తుందో అరచేతితో చెప్పగలవాడు ఆ శాలలో ఈయన ఒక్కడే. ఎడమచేతి వాటం వాడు కాబట్టి 'పుర్రచేతి మేస్త్రి' అనేవారు. ఎదుట మాత్రం మేస్త్రిగారు.

ఆ కర్మాగారం చిన్న కార్లు చేసింది, నడిమిరకానివి చేసింది, వచ్చినవి వచ్చినట్లే మరుగునపడ్డాయి. తరతరాలుగా నిలిచినది ఒక్కటే: పెద్దబండి. కర్మాగారం పరువంతా దానిమీదే. దాదాపు పదేళ్ళకొకసారి దానికి కొత్త రూపు కడతారు. అప్పటికి అయిదు రూపులు వెళ్ళి, ఆరవదానికి మట్టి ఎక్కించారు. పాత అయిదింటినీ హాలు వెనుక కొట్టంలో వరుసగా నిలిపి ఉంచారు. చేరిన మూడోనాడు మేస్త్రి ఆమెను అక్కడికి వెంటబెట్టుకుపోయాడు.

"రా, చుట్టాల్ని చూపిస్తాను. ఈయన ముత్తాత."

ముత్తాత బీరువాలా నిటారుగా ఉన్నాడు. ముందు మెరిసే కమ్మీలు, తలుపు తీస్తే చేతికి బరువు తెలిసే ఇనుము. పెద్ద ఇంజను దాచుకోవడానికి చాచిన పొడవైన ముక్కు. ముందుదీపం దగ్గర పుట్టిన ఒక గీత, తలుపులన్నింటినీ దాటి, తోక దగ్గరికి వచ్చేసరికి రవ్వంత కిందికి వాలి, ఆగకుండానే ఆగిపోయింది.

"దీన్ని గీసినవాణ్ణి నేను చూళ్ళేదు. నేను చేరేసరికే ఆయన పోయాడు. ఈ వాలు చూడు. కంటికి కనపడదు, చేతికే తెలుస్తుంది. ఈ గీత మొత్తాన్నీ మేం భుజం అంటాం."

రెండవది తాత. ఇంధనం దొరకని రోజులలో పుట్టింది; ముక్కు తగ్గింది, ఒళ్ళు తగ్గింది. మేస్త్రి మట్టిపనికి చేతులు పెట్టిన మొదటి బండి అది. మూడవది పెదనాన్న. గాలిసొరంగంలో పొగ వదిలి, గాలి ఎక్కడ తట్టుకుంటున్నదో చూసి, మూలలన్నీ అరగదీసి గుండ్రన చేశారు. లోపల ఎంత నిశ్శబ్దమంటే, కూర్చున్నవారు వాన పడుతున్న సంగతి అద్దం చూసి తెలుసుకోవలసిందే.

"మరి ఈయన?" అన్నది కొలతమ్మ, నాలుగవదాని ముందు ఆగి.

"మేనమామ," అన్నాడు మేస్త్రి పెదవి విరిచి. "ఒళ్ళు పెద్దది, ఆర్భాటం ఇంకా పెద్దది. తలుపులు వాటంతటవే మూసుకుంటాయి, సీట్లు వాటంతటవే వేడెక్కుతాయి, అద్దాలు రెండు పొరలు. కొన్నవాళ్ళు బండి ఇంట్లో పట్టక, ఇల్లే బండిలో పెట్టుకుందామా అన్నారట. కళ్ళు మూసుకుని తడుము."

ఆమె తడిమింది. ముందు మూడింటి మీద ఒకే దారిలో పోయిన చెయ్యి, ఇక్కడ వెనుకతలుపు దగ్గర తొట్రుపడింది. గీత రెండుగా చీలిపోయింది.

"నీరు తెగిందండీ!"

మేస్త్రి ఆమెవైపు తిరిగి చూశాడు. మూడు రోజులలో ఆ మాట ఆమె నోట రావడం ఆయన ఊహించలేదు. "తెగింది. కొత్తగా ఉంటుందని చీల్చమన్నారు, చీల్చాను. జనం మొహం తిప్పుకున్నారు. ఎందుకు నచ్చలేదో వాళ్ళకీ తెలీదు. మళ్ళీ పదేళ్ళకి అన్న పుట్టేదాకా కంపెనీకి ఊపిరాడలేదు."

అయిదవదైన అన్న మీద గీత మళ్ళీ ఒక్కటైంది. అంచులు కత్తిలా పదునెక్కాయి, అద్దాలు పలచబడ్డాయి, దీపాలు సన్నగిల్లాయి. ముత్తాతతో పోలికే లేదు. అయినా కళ్ళు మూసుకొని చెయ్యి వేస్తే, యాభై ఏళ్ళ కిందటి ఆ పేరు తెలియని మనిషి వాలు అరచేతి కింద కదిలింది. కొలతమ్మ ఒకటికి రెండుసార్లు ముత్తాత దగ్గరికి వెళ్ళివచ్చింది. ఎన్నో చేతులు మారాయి, యంత్రాలు మారాయి, రోడ్లు మారాయి. ఈ వాలు మాత్రం ఎవరూ కాగితం మీద రాయకుండానే చేతినుంచి చేతికి దిగివచ్చింది.

"ఇంకోటి విను," అన్నాడు మేస్త్రి. "బొమ్మ పని అయిపోయాక మట్టి పారెయ్యం. కొట్టి, కరిగించి, కొత్తమట్టితో కలుపుతాం. ఇప్పుడు నువ్వు యంత్రం కింద చెక్కుతున్నావే, అందులో తాత ఉన్నాడు, పెదనాన్న ఉన్నాడు."

"మేనమామ కూడానా అండీ?"

"మేనమామ పోలిక రాకుండా చూసుకోవడమే మన పని!"

ఆరవదానికి ఉన్న చిక్కు వేరు. దానికి ఇంజను లేదు. నేలకింద పరిచిన బ్యాటరీలతో నడుస్తుంది. ఇంజను లేనప్పుడు పొడవైన ముక్కు ఎందుకు? ఆ పొడవు పోతే పెద్దబండి అని గుర్తుపట్టేదెలా? పెద్దసారు, అంటే ఆ శాలకు అధిపతి, నెలల తరబడి బొమ్మ చుట్టూ తిరిగాడు. చివరకు, "పొడవు ముక్కు తీసెయ్యండి. కమ్మీలు తీసెయ్యండి. భుజం ఒక్కటే ఉంచండి. అదొక్కటీ చూసి మన బిడ్డే అని జనం అనాలి," అన్నాడు.

ఆ మాట విన్ననాటినుంచి మేస్త్రి వేరే మనిషి అయినాడు. "ఇదే నా ఆఖరి బండి, అమ్మాయ్. ఇంజను లేనిదాని మీద కూడా నీరు పారిందా, ఇక ఎన్ని తరాలైనా పారుతుంది. ఇది నా చేత్తో ముగించి పోవాలి," అని ఒకనాడు టీ తాగుతూ అన్నాడు. కుడిచేత్తోనే తాగాడు.

దాని సంగతి ఆమెకు ఆయన ఇంట్లో తెలిసింది. ఒక ఆదివారం భోజనానికి పిలిస్తే వెళ్ళింది. ఆయన భార్య వడ్డిస్తూ, "చూడమ్మా, ఈయన ఎడంచెయ్యి మా ఇంటి అల్లుడు. దానికి ఏ పనీ చెప్పకూడదు. గిన్నె తోమితే గరుకెక్కుతుందట, బరువు మోస్తే బండబారుతుందట. చాకిరంతా కుడిచేతిది, మర్యాదలన్నీ ఎడంచేతివి. పెళ్ళైన కొత్తలో నేను ఆ చెయ్యి పట్టుకుంటే మెల్లిగా లాక్కుని కుడిచెయ్యిచ్చారు!" అన్నది.

"అప్పుడు తాత పని నడుస్తోందే," అన్నాడు మేస్త్రి, కొంచెం సిగ్గుపడి.

"నడిచింది లెండి. మరి మొన్నేమైంది? పొయ్యిమీది మూత ఆ అల్లుడుగారితోనే తీశారు. నేను కేకపెడితే, 'ఏం, వేడిగా ఉందా?' అన్నారు."

మేస్త్రి నవ్వలేదు. చెయ్యి బల్లకిందికి పోయింది. "అమ్మాయికి కూర వెయ్యవే, కబుర్లతో కడుపు నింపుతావా?" అన్నాడు. కొలతమ్మ తలెత్తలేదు. కాని బల్లకిందికి పోతున్న ఆ అరచేతిలో పచ్చిగా ఉన్న బొబ్బను ఆమె చూసింది.

ఆ తరువాతనే ఆమెకు మరొకటి అర్థమైంది. కొంతకాలంగా మేస్త్రి బొమ్మ మీద చెయ్యి వేయడానికి బదులు వంగి, చెంప ఆనించి, అలాగే పక్కకు జరుగుతున్నాడు. "మేస్త్రిగారు ముద్దులు మొదలెట్టారు, పిన్నిగారికి చెప్పాలి," అని రంగులాయన ఏడిపించేవాడు. అందరూ నవ్వేవారు, ఆమెతో సహా. ఇప్పుడు నవ్వు రాలేదు. నలభై ఏళ్ళుగా ఉక్కురేకు పట్టి గీసిగీసి మణికట్టులో నరం నలిగిపోయింది. అరచేతిలోని కళ్ళు మూతపడ్డాయి. చెంపతో ఆయన తంటాలు పడుతున్నాడు. స్పర్శ పోయిన చేతిని ఆఖరి నునుపు దగ్గరికి రానివ్వకూడదన్నది ఆ శాలలో నియమం. ఆ నియమం పెట్టినది కూడా మేస్త్రే.

ఏడాది గడిచింది. ఏప్రిల్ నెలలో బొమ్మను పెరటిలోకి తీసుకుపోయి ఎండలో చూడడానికి ముహూర్తం కుదిరింది. కంపెనీ పెద్దలందరూ వస్తారు. వారు ఔనంటే బండి పుడుతుంది, కాదంటే మళ్ళీ మొదటికి. దానికి ముందునాడు మధ్యాహ్నం, అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు, కొలతమ్మ అలవాటు కొద్దీ కళ్ళు మూసుకొని భుజం మీద చెయ్యి నడిపింది. ముక్కు, మొదటితలుపు, రెండవతలుపు... చక్రం మీదికి వచ్చేసరికి అరచెయ్యి రవ్వంత జారింది. మళ్ళీ చూసింది. మళ్ళీ జారింది. గుంట ఉంది. మేస్త్రి క్రితం రోజు గీసి, చెంప ఆనించి, "అయిపోయింది" అన్న చోటే.

ఏమి చేయడం? యంత్రం ఆమె చేతిలోనే ఉంది. మట్టి కొంచెం పూసి, మీట నొక్కితే క్షణంలో సరిపోతుంది. ఆయనకు తెలియదు, ఎవరికీ తెలియదు. తెలియనివ్వకపోవడమే దయ అనిపించింది. కాని రేపు ఆ ఎండలో నిలబడి, తనది కాని గీతను తనదనుకొని మురిసే ఆయన ముఖం కళ్ళముందుకు వచ్చింది. పసివాడి చేతిలో బొమ్మ పెట్టి ఊరడించడానికి ఆయన పసివాడా? చెప్పితే ఆ చెయ్యి అయిపోయినట్లే. చెప్పకపోతే ఆ మనిషిని తీసిపారవేసినట్లు.

మేస్త్రి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"మేస్త్రిగారూ," అన్నది ఆమె. "చక్రం మీద... నీరు నిలిచిందండీ."

"ఎక్కడ? నేను చూశానే."

"చెంపతో చూశారండీ."

మేస్త్రి చేతిగుడ్డను వేదిక మీదికి విసిరాడు.

"నిన్న కాక మొన్న వచ్చి నాకు నీరు చెప్తున్నావా? కొలతలు చూసుకునేదానివి కొలతలు చూసుకో!" అన్నాడు. అంటూనే ఎడమచేతిని గుంట మీద పెట్టాడు. నడిపాడు. మళ్ళీ నడిపాడు. ముఖం మెల్లమెల్లగా పాలిపోయింది. అక్కడ గుంట ఉన్నదో లేదో కాదు, అక్కడ మట్టి ఉన్నదో లేదో కూడా ఆయనకు తెలియడం లేదు.

చెయ్యి వెనక్కి తీసుకొని, "ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాడు.

"ఆ ఆదివారం నుంచండీ."

"సారుకి చెప్పావా?"

"లేదండీ. మీకే ముందు చెప్పాలనుకున్నాను."

మేస్త్రి స్టూలు మీద కూర్చున్నాడు. తరువాత లేచి, పొయ్యిలోనుంచి వేడిమట్టి తీసి గుంట నింపి, ఉక్కురేకు అందుకొన్నాడు. "చూపు పోయింది గాని గీత పోలేదు. పట్టు ఉంది. నువ్వు తడుము, నేను గీస్తాను. ఎక్కడ ఆగాలో చెప్పు."

ఆమె ఆయనకు ఎదురుగా నిలబడి, కళ్ళు మూసుకొని, అరచెయ్యి పెట్టింది. "కొంచెం... ఇంకొంచెం... చాలు. ఇక ముందుకి రండి."

ఆయన ముందుకు గీశాడు. కాని ఆమెకు ముందు అంటే బండి ముక్కువైపు. పుర్రచేతివాటం మనిషికి ముందు అంటే రేకు సాగే తోకవైపు. కరకరమని రేకు మెత్తని మట్టిలో దిగి, సరిగా ఉన్నచోట బొటనవేలంత చాలు తీసింది. ఇద్దరూ కొయ్యబారిపోయారు. మరునాడు ఉదయం పెద్దలు వస్తున్నారు.

"ముందు అన్నావు కదమ్మాయ్!"

"నా ముందండీ!"

మేస్త్రి ఆ చాలువైపు చూశాడు, ఆమెవైపు చూశాడు, ఉన్నట్టుండి పొట్ట పట్టుకొని నవ్వడం మొదలుపెట్టాడు. "ముందూ వెనకా చూసుకోమని పెద్దవాళ్ళు ఊరికే అన్లేదే తల్లీ!" ఆమెకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. "ఇక ముందూ లేదు వెనకా లేదు. ముక్కు, తోక. అంతే."

మళ్ళీ మట్టి నింపారు, ఆరనిచ్చారు. "ముక్కుకి... ముక్కుకి... ఆగండి. తోకకి, రవ్వంత." భోజనాలనుంచి వచ్చినవారు ఒక్కొక్కరే చుట్టూ చేరి నోరెత్తకుండా నిలబడ్డారు. రంగులాయన కూడా. ఒకరి చెయ్యి తెలుసుకుంటున్నది, ఇంకొకరి చెయ్యి చేస్తున్నది. ఇద్దరు మనుషుల నడుమ ఒక్క చెయ్యి పనిచేస్తున్నట్లున్నది. రానురాను ఆమె మాట పెదవి దాటకముందే ఆయన రేకు ఆగసాగింది. చివరకు ఆమె అరచెయ్యి ముక్కునుంచి తోకదాకా ఎక్కడా తట్టుకోకుండా వెళ్ళి, ఆ చివర రవ్వంత వాలి, ఆగకుండానే ఆగింది. కొట్టంలో ముత్తాత మీద మొదటిసారి తెలిసిన వాలే అది. ఇప్పుడది తన చేతిలోకి వచ్చింది. ఆమె కళ్ళు తెరవడానికి భయపడింది.

మరునాటి ఉదయం ఎండ తీక్షణంగా కాసింది. ఎత్తైన గోడల మధ్య పెరటిలో అయిదు బండ్లనూ వరుసగా నిలిపి, చివర వెండిపొర కప్పిన బొమ్మను నిలిపారు. సూర్యుడు గోడ దాటగానే మొదట ముత్తాత భుజం వెలిగింది. అక్కడినుంచి తాత మీదికి, పెదనాన్న మీదికి వెలుగు పాకింది. మేనమామ దగ్గర రెండు పాయలై తడబడి, అన్న దగ్గర మళ్ళీ కలిసింది. ఆపైన ఆ ఇంజను లేని, పొడవు ముక్కు లేని, ఇంకా పుట్టనే పుట్టని బిడ్డ ఒంటిమీదికి వచ్చి, ఒక్క జీరగా, ఒక్క చోటకూడా నిలవకుండా, ఈ కొసనుంచి ఆ కొసకు పారింది. వెనుకవరసలో ఎవరో టోపీ తీశారు. తాను చేసిన పనిని తాను చూస్తున్నానన్న సంగతే కొలతమ్మ మరిచిపోయింది. ఆరుగురు ఒకే నదిని దాటుతున్నట్లు తోచింది ఆమెకు.

పెద్దసారు నేలమీద మోకరిల్లి చాలాసేపు చూశాడు. "దీనికి ఇంజనే లేదు కదా మేస్త్రీ, ఎంతో దూరం నుంచి పరిగెత్తి వచ్చినట్టుందేమిటిది?"

"ముత్తాత దగ్గర్నుంచి వస్తోంది కదండీ," అన్నాడు మేస్త్రి. తరువాత ఎడమచేతిని అందరికీ కనబడేలా చాచాడు. "సార్, గీసింది నేను. తెలుసుకున్నది ఈ అమ్మాయి. నా చెయ్యి చచ్చిపోయింది. నియమం నేనే పెట్టాను, నేనే తప్పుకుంటున్నాను. ఆఖరి నునుపు ఇక ఈమె చూస్తుంది."

పెద్దసారు లేచి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకొన్నాడు. ఆ పట్టు మేస్త్రికి తెలియలేదు, చూసి తెలుసుకొన్నాడు.

ఆరవ పెద్దబండి మరుసటి సంవత్సరం శరత్కాలంలో బజారుకు వచ్చి ఆదరణ పొందింది. మేస్త్రి ఆ ఏప్రిల్ చివరనే పని విరమించాడు. మణికట్టుకు శస్త్రచికిత్స చేయించుకొన్నాడు. చూపుడువేలికి, బొటనవేలికి కొంత స్పర్శ వచ్చింది, అరచేతికి రాలేదు. ఇంట్లో గిన్నెలు ఎడమచేత్తోనే తోముతున్నాడు. పెద్దసారు వేరొక కంపెనీకి మారాడు. రంగులాయన అక్కడే ఉన్నాడు. కొలతమ్మ నమూనాశాలలో ఆఖరి నునుపు చూసే పనిలో కుదురుకొన్నది. ఏడవదానికి మట్టి ఎక్కించడం నిరుడు మొదలైంది.